‘వెళ్లలేదు’ అని రాసే గడి లేని రిజిస్టర్: సంఘ పరిచర్యలో నమ్మకత్వంపై ఒక కేస్ స్టడీ

పాస్టర్లు, సంఘ పెద్దలు, పరిచర్యలు అప్పగించే బాధ్యతలో ఉన్నవాళ్లు చదువుతారని ఇది రాస్తున్నాను. పేర్లు, ఊరు, ఎవరినైనా గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. ఇందులో ఉన్న సోదరుడు, ఆ పెద్దమ్మగారి కుటుంబం చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను. మార్చనిది ఒక్కటే, నా తప్పులు.

నేపథ్యం

రెండు వందల మంది లోపు ఉన్న క్రైస్తవ సంఘం. నేను అక్కడ పాస్టర్ని. అందులో ఆరాధనకు రాలేనివాళ్లు 11 మంది ఉండేవారు. కొందరు మంచాన పడ్డవాళ్లు, కొందరు చూపు పోయినవాళ్లు, ఒకరిద్దరు మతిమరుపు జబ్బుతో మనిషిని మనిషిగా గుర్తుపట్టలేనివాళ్లు. ఒక్కొక్కరి ఇంటికీ నెలకు రెండుసార్లు, రెండో శనివారం, నాలుగో శనివారం, ఎవరో ఒకరు వెళ్లి వాక్యం చదివి ప్రార్థన చేసి రావాలి. ఆ రెండింటిలో ఒకసారి ప్రభు బల్ల (యేసు చివరి విందును గుర్తుచేసుకునే ఆచారం) రొట్టె, ద్రాక్షారసం కూడా తీసుకెళ్లాలి. మా సంఘం పద్ధతిలో పరిచారకులు ఆ పని చేయవచ్చు. ఇది కొత్త ఏర్పాటేమీ కాదు. క్రీ.శ. రెండో శతాబ్దం మధ్యలో ఆదివారం ఆరాధన ఎలా జరిగేదో రాసిన క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టిర్, రాలేనివాళ్ల వాటాను డీకన్లు, అంటే పరిచారకులు, వాళ్ల దగ్గరికి తీసుకెళ్లేవారని చెప్పాడు. అంటే ఈ పని సంఘం అంత పాతది.

దీన్ని చూసుకునే సోదరుడు మా దగ్గర 14 ఏళ్లుగా సేవ చేస్తున్నాడు. ఆదివారం అందరికంటే ముందొచ్చి తలుపులు తీసేది ఆయనే. మైకులు, కుర్చీలు, సండే స్కూల్లో పెద్ద పిల్లల క్లాసు, కానుకల లెక్కింపు, అన్నిట్లో ఆయన చెయ్యి ఉండేది. షిఫ్టుల్లో ఉద్యోగం. ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలు. ‘నమ్మకమైన మనిషి’ అని ఎవరి గురించైనా చెప్పాల్సి వస్తే మా అందరి నోటా ముందొచ్చే పేరు ఆయనదే.

ఆ మాటను మేం ఎలా వాడేవాళ్లమో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. ‘నమ్మకంగా సేవ చేస్తున్నాడు’ అంటే మా అర్థం, మానకుండా వస్తున్నాడని. కాదనడని. అంతకుమించి కొలిచే కొల నా దగ్గర ఇంకోటి లేదు.

పరామర్శ పని ఆయన చేతికి ఎలా వెళ్లిందో కూడా చెప్పాలి. అంతకుముందు చూసిన సిస్టర్ కుటుంబం ఊరు మారింది. ఆ విషయం కమిటీ మీటింగులో ఎజెండాలో కూడా లేదు. మీటింగ్ అయిపోయి, అందరూ లేచి కుర్చీలు సర్దుతుండగా నాకు గుర్తొచ్చింది. ‘బ్రదర్, ఇది కూడా మీరే చూసుకోండి’ అన్నాను. ఆయన తల ఊపాడు. అప్పగింత అంతే. నీ షిఫ్టు ఎలా ఉంది, శనివారాలు ఖాళీయేనా, 11 ఇళ్లు ఒక్కడివే తిరగగలవా, ఇవేవీ నేనడగలేదు, ఆయన చెప్పలేదు. పాత రిజిస్టర్ చేతిలో పెట్టాను. అందులో మూడే గళ్లు: తేదీ, పేరు, వెళ్లినట్టు టిక్కు.

బయటపడిన తీరు

తుంటి విరిగి రెండేళ్లుగా మంచం దిగని ఒక పెద్దమ్మగారున్నారు. వాళ్ల అమ్మాయికి ఏదో సంఘం ఉత్తరం కావాలంటే ఇవ్వడానికి వెళ్లాను. పరామర్శకని కాదు, కాగితం ఇవ్వడానికి. వచ్చాను కదా అని ఆవిడ పక్కన కాసేపు కూర్చున్నాను.

మంచం పక్క గోడకు, చెయ్యి అందే ఎత్తులో, ఒక క్యాలెండరు వేలాడుతోంది. దానికి దారంతో కట్టిన పెన్సిల్ ముక్క. కొన్ని తేదీల చుట్టూ సున్నాలు, కొన్ని తేదీల కింద చుక్కలు.

‘ఇవేంటమ్మా?’

‘ఎవరన్నా వస్తే సున్నా చుడతానయ్యగారూ.’

‘మరి చుక్కలు?’

‘వస్తారనుకున్న రోజులు.’

నేను పేజీలు వెనక్కి తిప్పాను. ఐదు నెలల్లో సున్నాలు మూడు. అందులో ఒకటి డాక్టరు వచ్చిన రోజు. రెండో శనివారం, నాలుగో శనివారం దగ్గర మాత్రం వరసగా చుక్కలు. రిజిస్టర్లో అదే ఐదు నెలలకు ఆవిడ పేరుకెదురుగా పది టిక్కులున్నాయి. ఆ రిజిస్టర్ నేను ప్రతి నెలా చూసి సంతకం పెడుతున్నదే.

ముందు నాకొచ్చిన ఆలోచన ఆవిడ మతి గురించే. పెద్ద వయసు, మందుల మత్తు, మరిచిపోయి ఉండొచ్చు కదా. సరిచూసుకోవడానికి నాకు ఖాయంగా తెలిసిన తేదీ ఒక్కటే, నేను కిందటిసారి వచ్చిన రోజు. ఇంకో రెండు పేజీలు తిప్పితే అది కూడా దొరికింది, చక్కగా సున్నా చుట్టి ఉంది. ఏడు నెలల కిందట. ఆవిడ జ్ఞాపకం మీద నా అనుమానం అక్కడితో పోయింది. పోతూ పోతూ నా లెక్క కూడా చెప్పి పోయింది.

బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుని, ‘బాబుని ఏమీ అనకండయ్యగారూ, వాళ్లకీ పనులుంటాయి’ అంది. గుమ్మం దగ్గర వాళ్ల అమ్మాయి అసలు సంగతి చెప్పింది. ఆ రెండు శనివారాలూ ఆవిడ పొద్దున్నే తల దువ్వించుకుని, ఉతికిన బట్టలు వేయించుకుని, దిండ్లు ఆనించి కూర్చోబెట్టమంటుందట. కూర్చుంటే నడుం విపరీతమైన నొప్పి. అయినా పడుకోబెట్టనివ్వదు. చీకటి పడ్డాక ఎవరూ రారని రూఢి అయ్యాకే పడుకుంటుంది. ఆ చుక్కలు ఒక్కొక్కటీ అంతసేపు కూర్చోవడం అన్నమాట.

ముందు తీసుకున్న నిర్ణయం

ఆ రోజే సోదరుణ్ణి పిలిచి అడగాలన్నంత కోపం వచ్చింది. అడగకపోవడానికి రెండు కారణాలు. ఒకటి, క్యాలెండరు చూపించి అడిగితే ఆవిడను సాక్షిగా నిలబెట్టినట్టవుతుంది. ఆవిడ వద్దన్నది కూడా. రెండోది, ఒక్క ఇంటిని బట్టి ఒక మనిషి గురించి తీర్పుకు రాకూడదు. అందుకని మిగతా పది ఇళ్లకూ నేనే వెళ్లి రావాలనుకున్నాను. ఎవరినీ విచారించడానికి కాదు. ఎటూ నేను చేయాల్సి ఉండి చేయని పనే అది.

మూడు వారాలు పట్టింది. ఎవరినీ ‘ఆయన వస్తున్నాడా’ అని అడగలేదు. కూర్చుంటే వాళ్లే చెప్పారు. ఆరు ఇళ్లలో రిజిస్టర్ రాసింది నిజమే. మూడు ఇళ్లలో సగం సగం. రెండు ఇళ్లలో దాదాపు ఏమీ లేదు.

ఏ ఇళ్లు ఏ గుంపులో పడ్డాయో చూస్తే ఒక సంగతి తేలింది. నిజమైన ఆరు ఇళ్లూ, ఎవరైనా రాకపోతే కొడుకో కూతురో నాకు ఫోన్ చేసే ఇళ్లు. దాదాపు ఖాళీగా ఉన్న రెండిట్లో ఒకటి ఈ పెద్దమ్మగారిది, ఎవరిమీదా ఫిర్యాదు చేయని మనిషి. రెండోది మతిమరుపు జబ్బుతో ఉన్న ఒక పెద్దాయనది. ఆయనకు ఎవరొచ్చిందీ గుర్తుండదు, వచ్చినవాళ్లను తిట్టి పంపుతాడు. అంటే అడిగే నోరున్న చోట సేవ సక్రమంగా నడిచింది. అడగలేనివాళ్ల దగ్గర టిక్కు మాత్రమే నడిచింది.

బైబిల్లో అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో గొడవ మొదలైంది కూడా ఇలాంటి చోటే. అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రు చిన్నచూపుకు గురవుతున్నారని సణుగుడు పుట్టింది. అక్కడ సణిగేవాళ్లన్నా ఉన్నారు కాబట్టి ఆ పని చూడటానికి ఏడుగురిని ఏర్పరచుకున్నారు. మా దగ్గర సణుగుడు కూడా లేదు. ఉన్నవి చుక్కలే.

ప్రయత్నాలు, అవి ఎందుకు పనిచేయలేదు

మొదట ప్రసంగం చేశాను. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం చాలనప్పుడు పుల్పిట్ (ప్రసంగ వేదిక) ఎక్కడం మా వృత్తిలో ఉన్న రోగం. లూకా 16:10, ‘మిక్కిలి కొంచెములో నమ్మకముగా ఉండువాడు’ అనే వచనం తీసుకుని గట్టిగానే మాట్లాడాను. ఆరాధన అయ్యాక సోదరుడు వచ్చి, ‘ఈ రోజు వాక్యం నాతో మాట్లాడింది అయ్యగారూ’ అని చెయ్యి కలిపాడు. ఆ మాట అబద్ధమని నేననుకోను. కానీ వచ్చే నెల రిజిస్టర్లో అవే టిక్కులు.

తగలాల్సిన చోట తగలకపోగా, ఆ ప్రసంగం ఇంకెవరికో తగిలింది. బల్లలు తుడిచి పూలు సర్దే ఒక సిస్టర్, కూతురికి ఒంట్లో బాగోలేక రెండు వారాలు రాలేదు. నా మాటలన్నీ తన గురించేననుకుని ఇంటికెళ్లి ఏడ్చిందట. ఈ సంగతి నాకు నెల తర్వాత తెలిసింది. ఒకరిని మనసులో పెట్టుకుని అందరికీ చెబితే, ఆ ఒక్కరూ తప్ప తక్కినవాళ్లంతా తీసుకుంటారు.

రెండో ప్రయత్నం సంతకాలు. రిజిస్టర్లో ఇంకో గడి గీయించి, వెళ్లిన ప్రతి ఇంట్లో సంతకం తీసుకోవాలని పెట్టాను. అడగకుండానే అదుపు వస్తుందని నా లెక్క. రెండు నెలల్లోనే దాని పని అయిపోయింది. ఒక ఇంటి దగ్గర నాలుగు వరసల్లో నాలుగు సంతకాలు, నాలుగూ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, ఒక్కసారే కూర్చుని పెట్టినట్టు ఉన్నాయి. పైగా చూపు పోయిన ఒక పెద్దాయన నన్నే నిలదీశాడు: ‘అయ్యగారూ, ప్రార్థన చేసి సంతకం పెట్టమంటున్నారు, నేనేమన్నా పార్సిల్ తీసుకుంటున్నానా?’ ఆ గడి అప్పుడే కొట్టేశాను. కాపలా పెంచితే మనిషి కాపలాకు జవాబు చెప్పడం నేర్చుకుంటాడు, అంతే.

మూడోసారి ఇద్దరు పెద్దలకు విషయం చెప్పాను. ఒకరు, ‘14 ఏళ్ల సేవ అయ్యగారూ, ఇంత చిన్నదానికి మనిషిని పోగొట్టుకుంటామా, వదిలేద్దాం’ అన్నారు. రెండో ఆయన, ‘అన్ని పనుల నుంచీ తీసేయండి, కారణం చెప్పక్కర్లేదు’ అన్నారు. చూడ్డానికి రెండూ ఎదురెదురు మాటలు. కానీ రెండిట్లోనూ ఆయనతో ఎవరూ మాట్లాడరు. వదిలేస్తే అబద్ధంతో ఆయన ఒంటరిగా ఉంటాడు, తీసేస్తే అవమానంతో ఒంటరిగా ఉంటాడు. మత్తయి 18:15లో యేసు చెప్పిన మొదటి మెట్టు, నీవును అతడును ఒంటరిగా ఉన్నప్పుడు అని. నేను ఆ మెట్టు దాటేసి ఊరందరి ముందూ మొదలుపెట్టి, తర్వాత కాగితాన్ని కాపలా పెట్టి, ఆపైన పెద్దల దగ్గరికి పోయాను. అంతా తలకిందులు.

మాట్లాడిన సాయంత్రం

ఒక ఆదివారం సాయంత్రం తాళాలు వేసే వేళ ఆయనతో కూర్చున్నాను. ఏం చెప్పాలో చాలా ఆలోచించుకున్నాను. ‘ఎందుకిలా చేశావు’ అంటే సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది, ఇంకో అబద్ధానికి నేనే దారి తీసినట్టవుతుంది. అందుకని నా సంగతితో మొదలుపెట్టాను. ‘బ్రదర్, ఈ మధ్య పదకొండు ఇళ్లకూ వెళ్లొచ్చాను. ఏడు నెలలుగా నేను కొన్ని ఇళ్ల గడప తొక్కలేదు. నెలనెలా సంతకం మాత్రం పెడుతున్నాను.’ అంతే అని ఊరుకున్నాను.

ఆయన చాలాసేపు తాళాల గుత్తి తిప్పుతూ కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు.

‘మొదటిసారి ఒక్క టిక్కేనయ్యగారూ. శనివారం షిఫ్టు పడింది. ఆదివారం రిజిస్టర్ మీకివ్వాలి. సోమవారం ఎలాగూ వెళ్తాను కదా అని ముందే పెట్టేశాను. సోమవారం వెళ్లలేదు.’ కాసేపాగి, ‘అప్పటికీ ఆపేవాణ్ణే. ఏడాది మీటింగులో మీరు ఆ అంకె చదివారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత తగ్గించి రాయడం నా వల్ల కాలేదు.’

ఆ అంకె 264. పదకొండు ఇళ్లు, నెలకు రెండుసార్లు, పన్నెండు నెలలు. ఒక్కటంటే ఒక్కటి తగ్గలేదు. షిఫ్టుల్లో పనిచేసే మనిషి, చిన్నపిల్లల తండ్రి, ఏడాది పొడవునా ఒక్క జ్వరం, ఒక్క వాన, ఒక్క పెళ్లి అడ్డురాకుండా 264 సార్లు వెళ్లడం ఎలా కుదురుతుందని ఒక్క క్షణం కూడా అనుకోకుండా, ఆ కాగితం చదివి చప్పట్లు కొట్టించింది నేను.

ఆయన ఇంకా చెప్పాల్సింది ఉంది. రొట్టె గురించి. వెళ్లని ఇళ్ల రొట్టె ముక్కలు పెట్టెలో మిగిలిపోయేవి. ‘వెనక్కి తెస్తే తెలిసిపోతుంది. పారేయడానికి చేతులు రాలేదు. దారిలో బండి ఆపి నేనే తినేవాణ్ణి. తిన్న ప్రతిసారీ నా మీదికి శిక్ష వస్తుందనుకునేవాణ్ణి.’ అప్పుడు ఏడ్చాడు. ఆ రొట్టెను అయోగ్యంగా తినేవాడు తన మీదికి శిక్ష తెచ్చుకుంటాడని పౌలు కొరింథీయులకు రాసిన హెచ్చరిక ఆయనకు నాకంటే బాగా తెలుసు. నేనేమీ వివరించబోలేదు. ఇద్దరం ప్రార్థన చేసుకుని తాళం వేసి వెళ్లిపోయాం.

అంతవరకూ నేను దీన్ని బద్ధకం అనుకున్నాను. బద్ధకస్తుడు రొట్టెను పారేస్తాడు.

ఆ రాత్రి లూకా 16 మళ్లీ చదివాను. నేను ప్రసంగించిన పదో వచనానికి ముందున్నది ఏ కథ? యజమాని ఆస్తి పాడుచేస్తున్న గృహనిర్వాహకుడు, లెక్క అప్పగించమనగానే ఋణస్థుల చీట్లు తిరగరాయించిన కథ. నూనె నూరున్న చోట ఏభై, గోధుమలు నూరున్న చోట ఎనభై. ఆ కథ ముగిశాకే ‘మిక్కిలి కొంచెములో నమ్మకముగా’ అన్న మాట వస్తుంది. ఎన్నో ఏళ్లుగా ఆ వచనాన్ని ‘చిన్న పని కూడా శ్రద్ధగా చేయాలి’ అనే చెప్పాను. దానికి ముందున్నది మార్చి రాసిన లెక్క అని ఒక్కసారీ చెప్పలేదు. ఆ కొంచెంలో మొదటి కొంచెం ఒక టిక్కు కావచ్చని నాకు తట్టలేదు.

పనిచేసినవి

ఇద్దరం మాట్లాడుకున్నాక ఆయనే పెద్దల దగ్గరికి వచ్చి చెప్పాడు. మూడు నెలలు అన్ని బాధ్యతల నుంచీ పక్కన పెట్టాం. విశ్రాంతి అని పేరు పెడదామా అని ఒకరన్నారు. వద్దన్నాను. అందులో విశ్రాంతి ఉంది, క్రమశిక్షణ కూడా ఉంది, రెండూ ఆయనకు పేరుపెట్టి చెప్పాం. దేనికి ఎంత అని దాచితే మళ్లీ ఇంకో తప్పుడు లెక్క అవుతుంది.

సంఘం ముందు ఆయన చేత ఒప్పుకోలు చేయించాలా? దీనిమీద పెద్దల్లో చాలా చర్చ జరిగింది. నా వాదన ఇది: సంఘం ముందు 264 అని చెప్పిన నోరు నాది. కాబట్టి సంఘం ముందు సరిదిద్దాల్సింది నేను. ముందు ఆయనకు చెప్పి, కొందరు ఊహించుకునే ప్రమాదం ఉందని కూడా చెప్పి, ఒప్పించుకుని, ఒక ఆదివారం ప్రకటనల్లో అన్నాను: ‘కిందటి ఏడాది మీటింగులో నేను చదివిన పరామర్శల సంఖ్య తప్పు. సరిచూడకుండా చదివాను. అసలు సంఖ్య దానికంటే తక్కువ. మన్నించండి.’ కొందరు ఊహించారు. ఒక కుటుంబం, వాళ్ల ఇంట్లో పెద్దాయనకూ ఇలాగే జరిగిందని తెలిసి, కొన్ని నెలలు ఆరాధనకు రాలేదు. వాళ్ల కోపం న్యాయమే.

ఆయన ఆ రెండు ఇళ్లకూ క్షమాపణ చెప్పడానికి వెళ్లాడు. తిట్టే పెద్దాయన యథాప్రకారం తిట్టాడు. పెద్దమ్మగారు మాత్రం ఒక్కమాట అడిగిందట: ‘రాలేనని ఒక్క కబురు పంపితే పడుకునేదాన్ని కదా బాబూ.’

మా కొత్త రిజిస్టర్ ఆ మాట మీదే కట్టాం. ఇప్పుడు అందులో గళ్లు: వెళ్లాను, వెళ్లలేదు, వెళ్లలేనని కబురు చేశాను. పాత రిజిస్టర్లో ‘వెళ్లలేదు’ అని రాయడానికి చోటే లేదని అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. టిక్కు పెట్టకపోతే ఖాళీ ఉంటుంది, ఖాళీ ఉంటే అడుగుతారు. నిజం రాయడానికి గడి లేని కాగితం ఇచ్చి నిజాయితీ కోసం ఎదురుచూశాను. అవునంటే అవును, కాదంటే కాదు అని ప్రభువు చెప్పాడు. మా రిజిస్టర్లో అవును ఒక్కటే ఉండేది.

తర్వాతది పంపకం. మత్తయి 25లోని ఉపమానంలో యజమాని తన దాసుల్లో ఒకడికి అయిదు, ఒకడికి రెండు, ఒకడికి ఒక తలాంతు (అప్పట్లో పెద్ద మొత్తం డబ్బు) ఇచ్చింది ఎవరి సామర్థ్యం చొప్పున వారికి. అప్పగించడం, సామర్థ్యం చూడటం, బహుకాలమైనా తిరిగొచ్చి లెక్క అడగడం, ఈ మూడూ అందులో యజమాని చేసిన పనులే. మేం మాత్రం ఆ ఉపమానాన్ని ఎప్పుడూ దాసుల వైపు నుంచే చదివాం. ఈసారి ‘ఈ పని చేస్తారా’ అని ఎవర్నీ అడగలేదు. ‘నెలకు ఎన్ని ఇళ్లు చూడగలరు’ అని అడిగాం. వచ్చిన జవాబులన్నీ చిన్నవి. ఒకటి, రెండు, ‘రెండు నెలలకు ఒకసారైతే వస్తాను’. ఐదు జతలు కుదిరాయి. ఇద్దరిద్దరుగా పంపడం యేసు చేసిన పద్ధతే, దానికి వేరే కారణం వెతకక్కర్లేదు. ఒక్కో జతకు రెండేసి ఇళ్లు, పదకొండోది నాది. గడువు ఆరు నెలలు. ఆ తర్వాత మానేస్తే ఎవరూ ఎందుకని అడగరు.

పదకొండో ఇల్లు నేను తీసుకోవడానికి కారణముంది. ‘రోగినై యుంటిని, నన్ను చూడవచ్చితిరి’ అని యేసు అన్న చోట గ్రీకు మూలంలో ఉన్న క్రియ, అధ్యక్షుడు (సంఘాన్ని చూసుకునేవాడు) అని మనం అనువదించుకున్న మాట, రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవి. చూడటానికి వెళ్లడం మొత్తంగా ఒకరికి అప్పగించేసి నేను సంతకాలు పెట్టే అధ్యక్షుణ్ణయ్యాను. 17వ శతాబ్దంలో ఇంగ్లండులోని కిడర్‌మిన్‌స్టర్‌లో రిచర్డ్ బాక్స్టర్ అనే కాపరి ఎనిమిది వందలకు పైగా కుటుంబాలను ఏడాదిలో చూసేవాడని మేం ట్రెయినింగులో గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఆయన తన సహాయకుడితో కలిసి వారంలో సోమ, మంగళవారాలు రెండూ పూర్తిగా ఆ పనికే కేటాయించాడన్నది మాత్రం చెప్పుకునేవాళ్లం కాదు. రోజులు కేటాయించకుండా అంకె మాత్రం ఆశిస్తే ఏమవుతుందో నాకు 264 చెప్పింది.

కొత్త రిజిస్టర్ మొదటి నెల లెక్క: వెళ్లాల్సినవి 22, వెళ్లినవి 13. కమిటీలో ఒక పెద్దాయన కాగితం చూసి, ‘కిందటేడు కంటే ఇంత పడిపోయిందేంటి’ అన్నారు. పడిపోలేదండీ, మా చేతికొచ్చిన మొదటి నిజమైన అంకె ఇదే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. రెండో నెల 15, మూడో నెల మళ్లీ 14.

కుదరనివి, మిగిలినవి

అంతా చక్కబడిందని రాస్తే నేను కూడా టిక్కు పెట్టినవాణ్ణవుతాను. ‘వెళ్లలేదు’ అనే గడిని ఒక కుర్రాడు బాగా వాడుకున్నాడు. వరసగా ఐదుసార్లు నిజాయితీగా ‘వెళ్లలేదు’ అని రాశాడు, మొహంలో ఏ బాధా లేకుండా. నిజం చెప్పడం నమ్మకత్వానికి మొదలు మాత్రమేనని, అదొక్కటే సరిపోదని అతను మాకు నేర్పాడు. అందుకని వరసగా రెండుసార్లు తప్పితే ఆ ఇంటికి ఆ వారమే నేనో ఇంకో జతో వెళ్లాలని పెట్టాం. ముందు ఆ మంచం మీద ఎదురుచూసే మనిషి సంగతి చూడాలి, ఆ తర్వాతే తప్పినవాళ్ల సంగతి. కుర్రాడితో తర్వాత మాట్లాడితే, అతనికి రోగుల గదిలో కూర్చోవడమంటే భయమని తెలిసింది. ఇప్పుడు సౌండ్ సిస్టమ్ చూసుకుంటున్నాడు, బాగా చూసుకుంటున్నాడు. ఒక జత మధ్యలోనే విడిపోయింది. అది వాళ్లిద్దరి మధ్య వేరే గొడవ, ఈ కేసుకు సంబంధం లేదు.

పౌలు గృహనిర్వాహకులలో చూసేది ప్రతివాడూ నమ్మకమైనవాడై ఉండటమని రాశాడు. గ్రీకులో అక్కడ వాడిన పిస్టోస్ అనే మాటకు నమ్మదగినవాడు, నమ్మేవాడు అని రెండర్థాలూ ఉన్నాయి. తెలుగులో కూడా నమ్మకస్తుడు, నమ్మకం ఒకే చెట్టు కొమ్మలు. మేం ఆయన్ను నమ్మకమైనవాడని పొగిడాం కానీ, రాలేనంటే మేం ఏమీ అనమని ఆయన నమ్మగలిగేలా మేం ఉన్నామా అన్నది నన్ను ఇప్పటికీ వదలని ప్రశ్న. ఒక మనిషి చెప్పిన అబద్ధానికి ఆ మనిషే బాధ్యుడు, అందులో నాకు సందేహం లేదు, ఆయనకూ లేదు. కానీ 14 ఏళ్లలో ఒక్కసారి కూడా ఆయన నోట ‘కాదు’ అనే మాట రాలేదంటే, అది ఆయన సుగుణమని మురిసిపోయాం తప్ప, ఏదో తేడాగా ఉందని ఎవరికీ అనిపించలేదు.

మూడు నెలలయ్యాక ఆయన తిరిగొచ్చి ఒక్క ఇల్లు చాలన్నాడు. పెద్దమ్మగారి ఇల్లు అడుగుతాడనుకున్నాను. తిట్టే పెద్దాయన ఇల్లు అడిగాడు. అక్కడికి వెళ్లినా వెళ్లకపోయినా ఆ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. అందుకే అడిగానన్నాడు. తలుపులు తీసే పని, కానుకల లెక్క తిరిగి ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. సండే స్కూల్ క్లాసు ఏడాది తర్వాత ఇచ్చాం.

పెద్దమ్మగారి ఇల్లు నాది. ఈ నెల రిజిస్టర్ ముందేసుకునే ఇది రాస్తున్నాను. నా వరసలో రెండో శనివారం కింద ‘వెళ్లాను’, నాలుగో శనివారం కింద ‘వెళ్లలేదు’, పక్కన ‘కబురు చేశాను’. పొద్దున ఎనిమిది గంటలకు ఫోన్ చేశాను. తల దువ్వడం అప్పటికే అయిపోయిందట.